బ్యూటేన్ దగ్గర 13 వచ్చి ఆగిపోయిన అబ్బాయి కోసం

ముమ్మిడివరం నుంచి ఒకావిడ అడిగారు. వాళ్ల అబ్బాయి పదో తరగతి. బ్యూటేన్ మండే సమీకరణాన్ని తుల్యం చేయమంటే కార్బన్, హైడ్రోజన్ చక్కగా సరిపెట్టాడు. ఆక్సిజన్ దగ్గరికొచ్చేసరికి కుడివైపు 13 తేలింది, ఎడమవైపు ఉన్నది ఓ₂, రెండేసి చొప్పున 13 ఎలా తేవాలో తోచక ఓ కింద ఉన్న 2 కొట్టేసి 13 పెట్టేశాడు. మాస్టారు సున్నా వేశారు. "రెండువైపులా లెక్క సరిపోయింది కదండీ, మరి సున్నా ఎందుకు? నేను ఆర్ట్స్ చదివాను, వాడికి ఎలా చెప్పాలో తెలియడం లేదు" అని ఆవిడ బాధ.

అమ్మా, సున్నా న్యాయమే. కాకపోతే అక్కడిదాకా సరిగ్గా వచ్చిన పిల్లాడికి, ఎక్కడ దారి తప్పాడో పక్కన ఒక్క ముక్క రాసి ఉంటే మీరు ఇక్కడ అడగాల్సిన అవసరం ఉండేది కాదు. పాతికేళ్లకు పైగా కోనసీమ బళ్లలో నేను ఈ పాఠమే చెప్పాను. ప్రతి ఏడూ క్లాసులో నలుగురైదుగురు ఇలా కింద అంకె మార్చేవాళ్లు తగిలేవారు. వాళ్లు మొద్దులేమీ కాదు, ఎలాగైనా లెక్క తేల్చాలన్న పట్టుదల ఉన్నవాళ్లే ఆ పని చేస్తారు. అసలు మొద్దులు ఖాళీగా వదిలేస్తారు.

మీ వంటింట్లోంచే మొదలుపెడదాం, ఎందుకంటే బ్యూటేన్ ఉన్నది అక్కడే. గ్యాస్ సిలిండర్లో ఉండేది ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన మిశ్రమం. స్టవ్ వెలిగిస్తే బ్యూటేన్‌కి జరిగేది ఇదీ:

సి₄హెచ్₁₀ + ఓ₂ → సిఓ₂ + హెచ్₂ఓ

సి అంటే కార్బన్, హెచ్ అంటే హైడ్రోజన్, ఓ అంటే ఆక్సిజన్. దీన్ని పాఠంలో అస్థిపంజర సమీకరణం అంటారు. ఏవి కలిశాయో, ఏవి పుట్టాయో చెబుతుంది, ఎన్నెన్ని అన్నది చెప్పదు. ఆ ఎన్నెన్ని రాయడమే తుల్యం చేయడం.

ఇందులో రెండు రకాల అంకెలున్నాయని మీవాడికి ముందు చెప్పండి. అక్షరం కింద చిన్నగా ఉండేది ఒకటి, ఫార్ములా ముందు పెద్దగా రాసేది ఇంకొకటి. రావులపాలెం అరటి మార్కెట్‌కి వెళ్లారనుకోండి. గెలకి ఎన్ని అత్తాలు, అంటే పళ్ల వరసలు, ఉండాలో చెట్టు ఎప్పుడో తేల్చేసింది. ఎన్ని గెలలు కొనాలన్నది మాత్రం మీ ఇష్టం, రెండు కొంటారో ఇరవై కొంటారో. ఈ గెలకి ఇంకో మూడు అత్తాలు అతికించి ఇవ్వండి అని ఎవరూ బేరం ఆడరు కదా. కింద అంకె చెట్టుది, ముందు అంకె మనది. గాలిలో ఆక్సిజన్ జంటలు జంటలుగానే తిరుగుతుంది, అందుకే ఓ₂. ఆ 2ని 3 చేస్తే అది ఓజోన్ అయిపోతుంది, వేరే వాయువు, వాసన కూడా వేరు. 13 చేస్తే అలాంటిది గాలిలో ఎక్కడా లేదు. నీళ్లతో ఇదే పని చేసి హెచ్₂ఓ కింద ఇంకో 2 తగిలించారంటే హెచ్₂ఓ₂, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్, గాయాలు కడగడానికి వాడతారే, అది. లెక్క కుదిరింది గానీ గిన్నెలో నీళ్లు పోయి మందు వచ్చింది! మీవాడి 13కి సున్నా పడింది అందుకే. లెక్క సరిపోయిన మాట నిజం, పదార్థమే మారిపోయింది.

ఇప్పుడు లెక్క. కార్బన్‌తో మొదలుపెట్టండి. ఎడమన 4, కుడిన 1, కాబట్టి సిఓ₂ ముందు 4. తర్వాత హైడ్రోజన్. ఎడమన 10, కుడిన ఒక్కో నీటి అణువులో 2, కాబట్టి హెచ్₂ఓ ముందు 5.

సి₄హెచ్₁₀ + ఓ₂ → 4సిఓ₂ + 5హెచ్₂ఓ

ఆక్సిజన్‌ని ఇప్పుడు, అన్నీ అయ్యాక ముట్టుకోండి. కుడివైపు ఎన్ని? నాలుగు సిఓ₂లలో 8, ఐదు నీటి అణువుల్లో 5, మొత్తం 13. ఇక్కడ పిల్లలు తరచూ చేసే పొరపాటు ఒకటుంది, హెచ్₂ఓలో ఉన్న 2ని ఆక్సిజన్‌కి అంటగట్టి 5 రెళ్లు 10 అంటారు. ఆ 2 హైడ్రోజన్‌ది, తన ఎడమ పక్కన ఉన్న అక్షరానికే అది చెందుతుంది. మీవాడు ఆ పొరపాటు చేయలేదు, 13 సరిగ్గానే తెచ్చాడు, ఆ సంగతి వాడికి చెప్పండి.

13 పరమాణువులు కావాలి, దొరికేవి జంటలు. అంటే ఆరున్నర జంటలు. సరే, ఆరున్నరే రాయండి, భయపడకుండా:

సి₄హెచ్₁₀ + 6½ఓ₂ → 4సిఓ₂ + 5హెచ్₂ఓ

ఇది తప్పు కాదు. ఇంటర్‌లో దహనోష్ణం, అంటే మండితే వచ్చే వేడి లెక్కలు వచ్చినప్పుడు ఒక్క మోల్ (అణువుల్ని లెక్కించే కొలత) ఇంధనానికి రాయాలి కాబట్టి కావాలనే ఇలా సగాలతో రాస్తారు. పదో తరగతిలో పూర్ణ సంఖ్యలే అడుగుతారు, సగం అణువు అనేదాన్ని ఎవరూ తెచ్చి చూపించలేరు కాబట్టి మొత్తాన్ని రెండుతో హెచ్చవేస్తే సరిపోతుంది:

2సి₄హెచ్₁₀ + 13ఓ₂ → 8సిఓ₂ + 10హెచ్₂ఓ

చూశారా, మీవాడు తెచ్చిన 13 చివరికి నిలబడింది, కింద పెట్టింది ముందుకొచ్చింది, అంతే. సరిచూసుకోవడం మాత్రం మానొద్దు. కార్బన్ రెండు నాలుగులు 8, అటు 8. హైడ్రోజన్ 20, అటు 20. ఆక్సిజన్ 26, అటు 16, 10 కలిపి 26. ముందున్న అంకె దాని వెనకాల ఉన్న అక్షరాలన్నిటికీ వర్తిస్తుంది, మొదటి అక్షరానికి మాత్రమే కాదు. అది మరిచిపోయి కార్బన్‌ని రెట్టించి హైడ్రోజన్‌ని 10 దగ్గరే వదిలేసేవాళ్లను లెక్కలేనంత మందిని చూశాను.

మీకు ఇంకో అనుమానం రావచ్చు, ఒక తండ్రి బడికొచ్చి మరీ నన్ను నిలదీశాడు దీనిమీద. "ఎడమన 2, 13 కలిపి 15. కుడిన 8, 10 కలిపి 18. ఎక్కడ సరిపోయింది మాస్టారూ?" ఆయన అడిగింది తెలివైన ప్రశ్నే. సరిపోవాల్సింది పరమాణువులు, వాటి కట్టలైన అణువులు కాదు. ఐదు గెలలు విప్పి, పళ్లన్నీ డజన్ల లెక్కన మళ్లీ కట్టారనుకోండి, కట్టల సంఖ్య మారుతుంది, పళ్ల సంఖ్య మారదు. మంట చేసే పని అదే, ఉన్న కట్టలు విప్పి వేరేగా కట్టడం.

ఇక అసలు కిటుకు, ఈ సమాధానంలో మిగతాదంతా మర్చిపోయినా ఇది ఒక్కటి మీవాడికి గుర్తుంటే చాలు: ఆక్సిజన్‌ని చివరికి ఎందుకు వదలాలి? కార్బన్, హైడ్రోజన్ ఇంధనంలో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒకదాని కోసం బ్యూటేన్ ముందు అంకె మారిస్తే రెండోది కూడా కదులుతుంది. ఓ₂ మాత్రం ఎడమవైపు ఒంటరిగా ఉంది, దాని ముందు ఏ అంకె పెట్టినా ఇంకెవరి లెక్కా చెడదు. అందుకే ఎవరికీ అంటకుండా ఉన్నవాణ్ణి ఆఖరికి ఉంచుకోవాలి. ముందే ఆక్సిజన్‌తో మొదలుపెట్టినవాళ్లు పెన్సిల్ అరిగేదాకా చెరుపుతూనే ఉంటారు, ఇటు సరిచేస్తే అటు చెడుతుంది, దాంతో టెన్షన్. కొందరు దీన్ని ట్రయల్ అండ్ ఎర్రర్ అని చెప్పి వదిలేస్తారు. దహన సమీకరణాలకు సంబంధించినంతవరకు నాకు ఆ మాట నచ్చదు, వరస తెలిస్తే ఇందులో ట్రయలూ లేదు, ఎర్రరూ లేదు.

ప్రొపేన్ అయితే మీవాడికి ఈ గొడవే వచ్చేది కాదు:

సి₃హెచ్₈ + 5ఓ₂ → 3సిఓ₂ + 4హెచ్₂ఓ

కుడిన 6, 4 కలిపి 10, ఐదు జంటలు, అయిపోయింది. తేడా ఎక్కడుందంటే, మీథేన్, ప్రొపేన్, పెంటేన్ లాగా బేసి సంఖ్యలో కార్బన్లున్న ఆల్కేన్లకు (ఈ కుటుంబం ఇంధనాల పేరు అది) ఆక్సిజన్ లెక్క సరి సంఖ్యగా వస్తుంది. ఈథేన్, బ్యూటేన్, హెక్సేన్ లాగా కార్బన్లు సరి సంఖ్యలో ఉంటే బేసి వస్తుంది, అప్పుడు రెట్టింపు చేయక తప్పదు. క్లాసులో ప్రొపేన్ చెప్పి పరీక్షలో బ్యూటేన్ ఇవ్వడం మాస్టర్ల పాత అలవాటు, నేనూ చేశాను.

పిల్లలకు ఈ అంకెలు కాగితం మీది ఆటలా కనిపిస్తాయి. నాకు ఒక సంఘటన గుర్తుంది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి పేలి అంటుకుంది, 65 రోజులు మండింది. రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండేది. అప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి "రోజుల తరబడి అంత గ్యాస్ కాలిపోతోంది కదండీ, అదంతా ఏమైపోతోందండీ?" అని అడిగాడు. మండితే మాయమైపోతుందని వాడి నమ్మకం, వాడిదే కాదు, చాలామంది పెద్దవాళ్ల నమ్మకం కూడా. సహజవాయువులో ఎక్కువ భాగం మీథేన్. బోర్డు మీద రాశాను:

సిహెచ్₄ + 2ఓ₂ → సిఓ₂ + 2హెచ్₂ఓ

ఒక్క పరమాణువు కూడా ఎక్కడికీ పోలేదురా, సగం వాన మబ్బుల దారి పట్టింది, సగం మన కొబ్బరాకుల్లోకి వస్తుంది అన్నాను. సగం, సగం అన్నది లెక్క ప్రకారం సరైన మాట కాదు, కుర్రతనంలో అనేశాను. కానీ ఆ రోజు ఆ క్లాసంతా కదలకుండా విన్నది.

మీరైతే సిలిండర్‌తో చెప్పొచ్చు. కార్బన్ బరువు 12, హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 16 అని పెట్టుకుంటే బ్యూటేన్ 58 గ్రాములు మండడానికి 208 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 176 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 90 గ్రాముల నీరు వస్తాయి. ఇటు కూడితే 266, అటు కూడితే 266. ఇదే ద్రవ్యనిత్యత్వ నియమం. ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజర్ 1774లో తగరాన్ని మూసిన గాజుపాత్రలో వేడిచేసి తూచి చూసింది ఇందుకే, మూత తీయనంతవరకు బరువు మారలేదు. ఇప్పుడు ఇంటికొచ్చే సిలిండర్లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది కదా, అదంతా బ్యూటేనే అనుకుని లెక్క కడితే, అది ఖాళీ అయ్యేసరికి గాలిలోంచి సుమారు 51 కిలోల ఆక్సిజన్ లాక్కుని, 43 కిలోల కార్బన్ డయాక్సైడ్‌నీ 22 కిలోల నీటినీ వదులుతుంది. 22 కిలోల నీళ్లు అంటే 22 లీటర్లు, పెద్ద వాటర్ టిన్ను కంటే ఎక్కువ, మీ వంటింటి గాలిలోకి ఆవిరిగా! నమ్మకపోతే చల్లటి నీళ్లు పోసిన స్టీలు గిన్నె తుడిచి స్టవ్ మీద పెట్టి మొదటి అరనిమిషం బయటివైపు చూడమనండి, చెమట పట్టినట్టు మంచు పడుతుంది. గిన్నె వేడెక్కగానే పోతుంది. గిన్నె కారుతోందని కొందరు షాపుకి తీసుకెళ్లి అతుకు వేయించుకున్నారు కూడా.

కార్బన్ డయాక్సైడ్ చూడాలంటే తాంబూలంలో వేసుకునే సున్నం నీళ్లలో కలిపి తేరనివ్వండి, పైన తేట వంచి ఒక గాజు సీసాలో పోయండి. సీసా ఖాళీ భాగంలోకి తీగకు కట్టిన చిన్న కొవ్వొత్తి దించి, అది ఆరిపోయాక మూత పెట్టి ఊపితే తేట పాలలా అవుతుంది. కొవ్వొత్తి వెలిగించేటప్పుడు మీరు పక్కనే ఉండండి.

కార్బన్, హైడ్రోజన్ రెండే ఉన్నవి సులువు. ఇంధనంలోనే ఆక్సిజన్ ఉంటే అక్కడ మళ్లీ పడిపోతారు. ఇథనాల్ తీసుకోండి, ఇప్పుడు పెట్రోల్‌లో కలుపుతున్నారు కదా, అదే:

సి₂హెచ్₅ఓహెచ్ + 3ఓ₂ → 2సిఓ₂ + 3హెచ్₂ఓ

హైడ్రోజన్ రెండుచోట్ల రాసి ఉంది, 5, 1 కలిపి 6. కుడివైపు ఆక్సిజన్ 4, 3 కలిపి 7. దాంతో కంగారుపడి మూడున్నర జంటలు రాసేస్తారు. ఇంధనం తనతోపాటు ఒక ఆక్సిజన్ తెచ్చుకుంది, అది తీసేస్తే 6 చాలు, మూడు జంటలు. పెళ్లికి వచ్చినవాళ్లు కొందరు తమ క్యారేజీ తామే తెచ్చుకుంటే వంటవాడు అంత తగ్గించి వండినట్టు.

ఇంకా మంచి ఉదాహరణ ఆత్రేయపురం పూతరేకుల్లో పడే పంచదార. సి₁₂హెచ్₂₂ఓ₁₁ అని చూడగానే పిల్లలు బెదిరిపోతారు. కుడివైపు 12 సిఓ₂, 11 హెచ్₂ఓ. ఆక్సిజన్ 24, 11 కలిపి 35, లోపల ఉన్న 11 తీసేస్తే 24, అంటే 12 జంటలు. హైడ్రోజన్లు నీరు కావడానికి సరిపడా ఆక్సిజన్ పంచదారలోనే ఉంది, గాలి ఇవ్వాల్సింది కార్బన్‌కి మాత్రమే. వరిగడ్డి, ఊక, కొబ్బరి డొక్క వీటిలో ఎక్కువగా ఉండే సెల్యులోజ్ కూడా ఈ కుటుంబమే, సి₆హెచ్₁₀ఓ₅ ముక్కకి 6ఓ₂ చాలు. రైసు మిల్లు బాయిలర్ కింద ఊక మండాక బూడిద చాలా మిగులుతుంది, ఊక బరువులో దాదాపు ఐదో వంతు. అది ఎక్కువగా సిలికా, మండేది కాదు కాబట్టి ఈ లెక్కలోకి రాదు.

కోనసీమవాళ్లం కాబట్టి కొబ్బరినూనె దీపం కూడా చేయించండి, పెద్ద అంకె చూస్తే భయం పోవడానికి. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. దాని కొవ్వు అణువు సి₃₉హెచ్₇₄ఓ₆. 39 సిఓ₂, 37 హెచ్₂ఓ. కుడిన ఆక్సిజన్ 78, 37 కలిపి 115, లోపలి 6 తీస్తే 109, మళ్లీ బేసి, రెట్టింపు చేయాలి:

2సి₃₉హెచ్₇₄ఓ₆ + 109ఓ₂ → 78సిఓ₂ + 74హెచ్₂ఓ

బ్యూటేన్‌కి వాడిన వరసే, ఒక్క అడుగు కూడా ఎక్కువ లేదు. తొందరలో సరిచూసుకోవడానికి ఒక సూత్రం చెప్తాను: కార్బన్ల సంఖ్యకి హైడ్రోజన్లలో నాలుగో వంతు కలిపి, ఇంధనంలోని ఆక్సిజన్లలో సగం తీసేస్తే ఒక్క ఇంధన అణువుకి కావాల్సిన ఓ₂ వచ్చేస్తుంది. బ్యూటేన్‌కి 4, రెండున్నర, ఆరున్నర. కానీ వాడు చేత్తో పది లెక్కలు చేశాకే ఇది చెప్పండి, ముందే చెబితే బట్టీ పడతాడు.

తుల్యమైన ప్రతి సమీకరణమూ నిజంగా జరిగేది కాదు, దీని గురించి పుస్తకాల్లో తక్కువ రాస్తారు. బర్నర్ రంధ్రాలు మూసుకుపోయి గాలి సరిగ్గా కలవకపోతే మంట పసుపు రంగుకి తిరిగి గిన్నె అడుగు నల్లబడుతుంది కదా, అప్పుడు కొంత కార్బన్ కార్బన్‌గానే మిగిలిపోతోంది. మీథేన్‌కే రాస్తే:

సిహెచ్₄ + ఓ₂ → సి + 2హెచ్₂ఓ

ఇదీ తుల్యమే. కార్బన్ మోనాక్సైడ్ వచ్చేది 2సిహెచ్₄ + 3ఓ₂ → 2సిఓ + 4హెచ్₂ఓ, ఇదీ తుల్యమే. మొదటిది మసి, రెండోది మనిషిని చంపే వాయువు, రంగు వాసన ఉండవు. చలికాలం తలుపులన్నీ మూసి కుంపటి పెట్టుకోవద్దనేది, గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూంకి గాలి రంధ్రం ఉండాలనేది అందుకే. ఏవి పుడతాయో తేల్చేది గాలి, వేడి. ఎన్ని పుడతాయన్నదే మన లెక్క. ప్రశ్నలో "పూర్తి దహనం" అని గానీ "అధిక గాలిలో" అని గానీ ఉంటే సిఓ₂ రాయాలి, "పరిమిత గాలిలో" అని ఉంటే ఆగి ఆలోచించాలి.

మీవాడికి రెండు ఇస్తున్నాను, ఈథేన్ సి₂హెచ్₆, పెంటేన్ సి₅హెచ్₁₂. లెక్క పెట్టకముందే, ఏది రెట్టింపు చేయాల్సి వస్తుందో ముందు వాణ్ణే చెప్పమనండి. జవాబులు మీ దగ్గరే ఉంచుకోండి. ఈథేన్‌కి వరసగా 2, 7, 4, 6. పెంటేన్‌కి 1, 8, 5, 6. ఓ కింద 2 కాకుండా ఇంకేదైనా కనిపిస్తే కాగితం తిరిగి ఇచ్చేయండి, కొట్టొద్దు.